సొరకాయకు పాలిచ్చిన రోజు

పోయిన నెల బేగంపేట వైపు ఒక నర్సింగ్ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు పెట్టడానికి వెళ్ళాను. రిటైరైనా ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఒక శాలువా. అక్కడి ట్యూటరమ్మ, మా చిన్నమ్మాయి ఈడుది, నన్ను ఏసీ గదిలోకి తీసుకెళ్ళి అద్దాల బీరువాలోంచి ఒక వస్తువు బయటికి తీసింది. సిలికాన్‌తో చేసిన రొమ్ములు. రవికలా భుజాలకు తగిలించుకోవచ్చు. చర్మం రంగు, చర్మం మెత్తదనం; లోపల సంచిలో నీళ్ళు పోసి నొక్కితే చుక్కలుగా పాలు. "పిల్లలకు తల్లిపాల పాఠం దీనిమీదే సర్. ఒకళ్ళు తొడుక్కుని అమ్మలాగా కూర్చుంటారు, మిగతావాళ్ళు నేర్చుకుంటారు. మీ కాలంలో ఇలాంటివి ఉండి ఉండవు" అంది. నాకు నవ్వు పొంగుకొచ్చింది. పెద్దమనిషి తరహాకు అది బాగుండదని దగ్గు నటించాను. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళకు పరిగెత్తింది. ఉండేవమ్మా, సరిగ్గా ఇలాంటిదే ఒకటి తొడుక్కుని నేను ఏడాదిపాటు అమ్మనై కూర్చున్నాను అని ఆమెకు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

మాది బోయిన్‌పల్లి. నాయనకు కూరగాయల మార్కెట్టులో చిన్న దుకాణం. సొర, బీర, పొట్ల, కాకర, తీగమీద కాసేవే ఆయన సరుకు. తెల్లారకముందే వెళ్ళి, మేం అన్నాలకు కూర్చునే వేళకు తిరిగొచ్చేవాడు. ఆయనకంటే ముందు ఆయన వాసన వచ్చేది. తడిసిన గోనెసంచి, తెంపిన తొడిమె, చెమట. మార్కెట్టులో మిగిలిన కాయలన్నీ మా వాకిట్లోనే కుప్ప. అందుకే మా ఇంట్లో ఏడాదికి మూడువందల రోజులు సొరకాయే: పప్పులో సొరకాయ, పులుసులో సొరకాయ, పండుగొస్తే సొరకాయ పాయసం. గడప మీద మా నాయనమ్మ. నశ్యం డబ్బా నడుముకు దోపుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ ఏదో ఒక తప్పు పట్టేది. అమ్మ ఉప్పు ఎక్కువేసిందనేది, ఎక్కువేయని రోజు సప్పగుందనేది. ఆ ఇంట్లో ఆమె మాట దాటిన కోడిపిల్ల కూడా లేదు.

నాకు ఇంకే సీటూ రాక నర్సింగులో చేరాను. నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "మార్కెట్ల నలుగురు అడుగుతరు గదరా, నీ కొడుకేం జదువుతుండని. ఏమని జెప్పాలె? ఆడోళ్ళ చదువని జెప్పాల్నా?" అన్నాడు. అమ్మ మాత్రం ఎవరడిగినా, "మావోడు డాక్టర్ల పక్కపొంటి చదువుతుండు" అని గడుసుగా దాటేసేది. పక్కపొంటి అంటే ఎంత దూరమో ఎవరూ అడగలేదు.

సికింద్రాబాద్‌లోని మా నర్సింగ్ స్కూలుకు ప్రాణం సుగుణ మేడమ్. గోదావరి జిల్లా మనిషి. తెల్ల చీర, గంజి మడతలు, ఎప్పుడు తిడుతుందో ఎప్పుడు మెచ్చుకుంటుందో తెలియని గొంతు. మా బ్యాచిలో మగపిల్లలం ఇద్దరమే, నేనూ యూసుఫూ. అప్పట్లో మగవాళ్ళకు ప్రసూతి వార్డు డ్యూటీ లేదు; ఆడపిల్లలు అక్కడికి పోతే మమ్మల్ని ఇంకో వార్డుకు తరిమేవాళ్ళు. అయితే వార్డుకు వెళ్ళేముందు ఆడపిల్లలకు పాలిప్పించే విధానం క్లాసులోనే నేర్పాలని మేడమ్ పట్టుబట్టింది. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నది బాలింత ముందు నిలబడగానే ఎగిరిపోతుందని ఆమె నమ్మకం. పాత దుప్పటి చించి, ఆసుపత్రి దూది కూరి రొమ్ములు, ముదురు గోధుమరంగు రవిక గుడ్డతో వాటిమీద నల్లభాగం, గుడ్డ గుండీతో చనుమొన, అన్నీ స్వయంగా కుట్టి ఒక ఏప్రను తయారుచేసింది. లోపల నీళ్ళు నింపిన బుడగ. రబ్బరు బొమ్మ నోరు తెరవదు కాబట్టి పాప నోటికి ఎర్ర మేజోడు: చేతికి తొడుక్కుని పిడికిలి తెరిస్తే నోరు. ఇక అమ్మగా ఎవరు కూర్చోవాలి? ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. మేడమ్ చూపు గదంతా తిరిగి చివరి బెంచీ మీద ఆగింది.

"ఏవయ్యా రాజేందరూ, ఖాళీగానే ఉన్నావుగా. ఇలా రా. నువ్వే అమ్మవి."

ఆ క్షణం నుంచి స్కూలు వదిలేదాకా నేను రాజమ్మనే. మెస్సులో వంటవాళ్ళు కూడా, "రాజమ్మకు ఇంకో గరిటె పెట్టు, బాలింత" అనేవాళ్ళు.

మొదటిరోజు అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి నేర్చుకున్నారు. ఒకతె భుజం పట్టి లాగింది, ఒకతె నా మెడ వంచింది, ఒకతె ఏప్రను పట్టుకుని ఎర్ర మేజోట్లో కుక్కబోయింది. ఎవరూ నా మొహం చూడలేదు. అది దూదే గానీ, లోపల మనిషిని నేనే. గంటసేపటికి నాకు చచ్చేంత ఒళ్ళుమంట వచ్చింది. "ఎలా ఉందిరా?" అంది మేడమ్. "నేనొకణ్ణి ఈడ ఉన్ననని యాదిమరిచిండ్రు మేడమ్" అన్నాను. క్లాసంతా పకపకా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "విన్నారుగా. వార్డులో అమ్మ ఈ మాట నోరు తెరిచి చెప్పదు. వీడు చెప్పాడు. రేపట్నుంచి ముందు అడగండి, తరవాత ముట్టుకోండి" అంది. మర్నాడు ఇంకో అడుగు వేసి, ప్రతి అమ్మాయి చేతులూ గాజుగుడ్డతో వెనక్కి కట్టేసింది. ముట్టుకోకుండా, మాటలతోనే అమ్మచేత పని చేయించాలి. బిడ్డ కడుపు అమ్మ కడుపుకు ఆనాలి. ముక్కు చనుమొనకెదురుగా ఉండాలి. నోరు ఆవులించినంత తెరిచేదాకా ఆగాలి. అమ్మ బిడ్డమీదకు వంగకూడదు, బిడ్డే అమ్మ దగ్గరికి రావాలి. పద్దెనిమిది మంది నోట పద్దెనిమిది సార్లు విని, నాకది ఎక్కాల్లాగా కంఠతా వచ్చేసింది. నేర్చుకోనక్కర్లేనివాడే అందరికంటే బాగా నేర్చుకున్నాడు.

యూసుఫ్‌కు ఇదంతా చూస్తూ చేతులు దురద పెట్టేవి. ఒకరోజు బుడగలో నీళ్ళకు బదులు చల్లారిన ఇరానీ చాయ్ నింపాడు. పాలు పిండే విధానం చూపిస్తానంటూ మేడమ్ రెండు వేళ్ళతో లోపలికి నొక్కి ముందుకు అదిమిందో లేదో, గోధుమరంగు ధార సర్రున వెళ్ళి ఆమె చెంప మీద, అక్కణ్ణించి ఇస్త్రీ చీరమీద పడింది. ఆమె నెమ్మదిగా రుమాలు తీసింది, చెంప తుడుచుకుంది, పెదవి చివర నాలుకతో అద్దింది. "పంచదార ఎక్కువైంది. రాజమ్మకు షుగరేమో చూడాలి" అంది. ఆ తరవాత నెలరోజులు ఆమె చీరలు ఉతికింది మేమిద్దరం.

ఆ రోజుల్లోనే అక్క మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక శనివారం నేను హాస్టల్ నుంచి వెళ్ళాను. గుమ్మంలోనే సాంబ్రాణి పొగ, వావిలాకు నీళ్ళ వాసన, వెల్లుల్లి కారం ఘాటు. వాటన్నిటి వెనక ఒక సన్నని ఏడుపు, కాసేపు ఏడ్చి అలిసిపోయి ఆగే ఏడుపు. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాయనమ్మ ఉగ్గుగిన్నెలో గేదెపాలు, నీళ్ళు కలుపుతోంది.

"దానికి పాలు లేవురా. రాయి లెక్క గట్టివడ్డయి గని చుక్క దిగుత లేదు. పిల్ల నోరు వెట్టంగనే ఇది కెవ్వుమంటది. దాని పాలిట్ల రాసిపెట్టి లేదు, ఏం జేస్తం" అంది నాయనమ్మ.

దండెం మీద చూశాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో తోరణంలా ఉండాల్సిన తడిగుడ్డలు రెండే ఉన్నాయి. అమ్మను పక్కకు పిలిచి అడిగాను. పొద్దుట్నుంచీ అంతేనట. అక్క దగ్గరికి పోయి, "నొస్తుందా అక్కా?" అన్నాను. ఆమె ముసుగు ఇంకా ముందుకు లాక్కుని, "పోరా. తమ్మునితోని ఇవన్ని మాట్లాడుతరా?" అంది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన అక్క, నాకు దెబ్బ తగిలితే తాను ఏడ్చిన అక్క. ఆ ఒక్క మాటకు నేను గడపవతల నిలబడాల్సొచ్చింది.

మళ్ళీ బస్సెక్కి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. రమ్మని బతిమాలాను. ఆమె డ్యూటీలో ఉంది, కదిలే వీలు లేదు. కానీ ప్రశ్నల వర్షం కురిపించింది. పాప లేపితే లేస్తోందా, కళ్ళు పచ్చగా ఉన్నాయా, ఏడుపులో బలం ఉందా, ఎన్నిసార్లు తడిపింది? అన్నీ చెప్పాను. "పాలు లేక కాదురా, ఎక్కువై గడ్డకట్టి బిడ్డ నోటికి అందట్లేదు. వేడిగుడ్డ కాపడం పెట్టి, నల్లభాగం మెత్తబడేదాకా కాస్త పిండి, అప్పుడు పట్టించాలి. రేపు పొద్దుటికి తడిగుడ్డలు పెరక్కపోయినా, పిల్ల మగతగా ఉన్నా, ఎవరినీ అడక్కుండా ఇక్కడికి తీసుకొచ్చెయ్" అంది. తరవాత బీరువా తెరిచి ఏప్రనూ ఎర్ర మేజోడూ నా చేతిలో పెట్టింది. "నేనెట్ల చెప్తా మేడమ్? నన్ను చూడనియ్యరు, ముట్టనియ్యరు" అన్నాను. "ఏడాదినుంచీ చేతులు కట్టేసి నేర్పించింది ఎందుకనుకున్నావ్? పో" అంది.

ఏప్రను మార్కెట్టు సంచిలో కుక్కి బస్సెక్కాను. ప్యారడైజు దాటాక సడన్ బ్రేకు పడి సంచి బోర్లాపడింది. ఏప్రను జారి కండక్టర్ కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుంది. కండక్టర్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఏందన్నా ఇది?" అన్నాడు. "దిండు" అన్నాను. "రెండున్నయి?" "ఇద్దరం పండుకుంటం." బస్సులో ఆడవాళ్ళ సీట్ల వైపు ఎవరో నోట్లో కొంగు కుక్కుకున్నారు. బోయిన్‌పల్లికి ఇంకా రెండు స్టాపులుండగానే దిగి నడిచాను.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ నా మొహంలోకి చూసి, "నాయనమ్మను నువ్వు జూస్కో, అక్కను నేను జూస్కుంట" అంది. లోపలి గదికీ ముందు గదికీ మధ్య పాత చీర తెరగా కట్టాం. తెరవెనక అక్క. తెర అంచున అమ్మ, ఇటు నన్నూ అటు అక్కనూ చూస్తూ. ముందు గదిలో నేను, చొక్కామీద ఏప్రను కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎర్ర మేజోడు ఉంది గానీ బొమ్మ లేదు. వాకిట్లో కుప్పలోంచి ఒక సొరకాయ తెచ్చి తుండుగుడ్డలో చుట్టాను.

నాయనమ్మ చేతిలో నశ్యం చేతిలోనే ఉండిపోయింది. "ఓ దేవుడా! గిదేం వేషంరా? పిలగాడు పాగలైండు. పిలువుండ్రి వాని నాయనను!"

"జెర ఆగు నాయనమ్మా. నీ చేతులు గావాలె. కాపడం బెట్టుడు నీకెరుకైనట్టు ఈ వాడకట్టుల ఎవ్వరికెరుక?"

ఆ మాట పనిచేసింది. పొగడ్తకు లొంగనిదే గానీ, పనికి లొంగేది. వేడినీళ్ళు, గుడ్డ తీసుకుని తెరవెనక్కి వెళ్ళింది. నేను చెప్పినట్టు కాదు, నేను చెప్పింది తనకు ముందే తెలిసినట్టు చేసింది. కాసేపటికి లోపల్నించి, "అగో, దిగుతున్నయి! ఎవల్రా పాలు లేవన్నది?" అని అరిచింది. ఆ అన్నది ఎవరో గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

"అక్కా, ముందు నువ్వు ఆనుకుని కూసో. నడుము నొస్తుందా? దిండు బెట్టమను. ఇగ పాపను నీ దిక్కు తిప్పు. దాని కడుపు నీ కడుపుకు ఆనాలె" అంటూ సొరకాయను నా కడుపుకు ఆనించుకున్నాను. అమ్మ చూసి, అటు తిరిగి చూపించింది. "నువ్వు వంగకు. నోరు పెద్దగ తెరిచేదాక ఆగు. తొందర లేదు."

సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెలుగు తగ్గింది. నాయన. భుజాన తువ్వాలు, చెవిలో పెన్సిలు. మార్కెట్టులో నలుగురికి చెప్పుకోలేని కొడుకు, రొమ్ములు కట్టుకుని సొరకాయకు పాలిస్తున్నాడు. తెరవెనక పాప ఏడుపు వినిపించింది. ఆయన మెల్లగా వచ్చి, వంగి, సొరకాయ మెడమీద గోరుతో నొక్కాడు.

"లేతకాయ. మెడ ఆగదు" అన్నాడు. వాకిట్లోకి వెళ్ళి, నాలుగు కాయలు తట్టి చూసి, ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "గిది బట్టు. గింతే బరువుంటది పిల్ల." మళ్ళీ బయటికెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. పాపను చూద్దామని వచ్చిన ఎదురింటావిడతో ఆయన అంటున్నది నాకు వినపడింది: "ఇప్పుడు గాదమ్మా, జెర ఆగి రా. లోపట మావోడు పనిల ఉన్నడు."

తెరవెనక మొదటిసారి అక్క కెవ్వుమంది. "కోసినట్టుందా, గుంజినట్టుందా?" అన్నాను. చివరికి, తమ్ముడితో మాట్లాడకూడని మాట ఆమే మాట్లాడింది: "కోసినట్టుందిరా." "అయితే చిటికెన వేలు నోటి పక్కకెల్లి పెట్టి విడిపియ్యి. మల్ల షురూ చేద్దాం." రెండోసారి కూడా కుదరలేదు. మూడోసారి ఏడుపు ఆగింది. అక్క కేక రాలేదు. ఇల్లంతా చెవులు రిక్కించింది. గుటుక్కు. ఆగి, మళ్ళీ గుటుక్కు. అమ్మ తెర అంచు పట్టుకుని నావైపు చూసి తలూపింది, కళ్ళనిండా నీళ్ళు. నేను సొరకాయను ఇంకా పట్టుకునే ఉన్నాను. లోపల్నించి అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో, "ఒరేయ్, తాగుతుందిరా" అంది.

తెల్లారేసరికి పాప నాయనమ్మ ఒళ్ళో నిండుగా పోసింది. ఆమె చీర మార్చుకోకుండా, ఆ తడి కొంగు పట్టుకుని వాడకట్టంతా తిరిగి చూపించింది. ఆ రోజు దండెం మీద గుడ్డలకు చోటు చాలలేదు. ఆ వారంలో మా వీధిలో ఇంకో ఇద్దరు బాలింతల ఇళ్ళకు నన్ను ఏప్రనుతో సహా లాక్కుపోయింది. రెండో ఇంట్లో నేను నోరు తెరిచే పనే లేకపోయింది. ఏప్రను కట్టుకుని నేను కూర్చుంటే, సొరకాయ పట్టుకుని పాఠమంతా ఆమే చెప్పింది.

సుగుణ మేడమ్‌కు ఈ కథ చెబితే, "ఆవిణ్ణి నాకు తీసుకురా" అంది. అలా మా నాయనమ్మ నర్సింగ్ స్కూల్లో అత్తగారి ఉద్యోగంలో చేరింది. చదువైపోయి నేనక్కడే ట్యూటరునయ్యాక కూడా ప్రతి కొత్త బ్యాచికీ ఆమె రావాల్సిందే. ఒక పిల్ల ఏప్రను కట్టుకుని అమ్మగా కూర్చుంటుంది. పక్కన కుర్చీలో నాయనమ్మ నశ్యం డబ్బాతో అత్త. నేర్చుకునే పిల్ల లోపలికి అడుగుపెట్టగానే మొదలు: "ఎవ్వతివే నువ్వు? పెండ్లయిందా? పిల్లల్ని కన్నవా? మరి నాకేం జెప్తవు? నేను తేనె నాకిస్త, ముర్రుపాలు పారబోస్త, ఏం జేస్తవో జెయ్యి!" ఎంతమంది ఏడ్చారో లెక్కలేదు. కానీ ఆమె దగ్గర గట్టెక్కిన పిల్ల ఇక ఏ ఇంటి గడపకూ భయపడేది కాదు.

మొన్న బేగంపేటలో కూడా అత్తగారి పాత్ర ఉంది. ఆ ట్యూటరమ్మే కాగితం చూసి చదివింది. పిల్లలు నమస్కారం పెట్టారు, చేతులు కడుక్కున్నారు, "అమ్మా, ముట్టుకోవచ్చా?" అని అడిగారు. మా కాలంలో ఒక్క మేడమ్ గొంతు చించుకున్న మాట ఇప్పుడు అందరి కాగితాల్లో అచ్చై ఉంది. దానికి నాకు సంతోషమే. మగపిల్లలూ దర్జాగా ముందుకొచ్చి చేశారు, ఎవరూ వాళ్ళకు ఆడపేర్లు పెట్టలేదు. సిలికాను మా దూదికంటే వెయ్యిరెట్లు నయం. అయితే ఆ గదిలో ఎవరికీ చెమట పట్టలేదు. అత్తగారు నాలుగో వాక్యానికే ఒప్పేసుకుంది, ఎందుకంటే కాగితంలో అయిదోది లేదు. మార్కులు వేసుకుంటూ కూర్చున్న నాకు, నాయనమ్మ ఆఖరిసారి స్కూలుకొచ్చిన రోజు కళ్ళముందు ఆడింది.

అప్పటికి ఆమె నడక తగ్గింది, నోరు తగ్గలేదు. ఆ రోజు మంజుల అనే బక్కపలచటి పిల్ల వంతు. నాయనమ్మ ఎప్పటిలాగే విరుచుకుపడింది. తేనె, ముర్రుపాలు, నీకెందరు పిల్లలు, అన్నీ అయ్యాయి. మంజుల ఎదురు చెప్పలేదు. కింద, నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "అవ్వా, నీకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఎట్లుండె?" అంది.

నాయనమ్మ నోరు తెరిచి, మూసింది. మేడమ్ వైపు చూసింది. "గిది నువ్వు జెప్పలే గదా" అంది. తరవాత తనే మొదలుపెట్టింది, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో. "నాకప్పుడు ఏమెరుక, చిన్నపోరిని. మా అత్త, ఇంకో ఇద్దరు ముసలోళ్ళు వట్టుకుని పిండిండ్రు. ముర్రుపాలు గోడకు చల్లిండ్రు. పిల్లకు తేనె, ఆముదం. నేను మొత్తుకుంటే నోరు మూసిండ్రు. పదిరోజులు బతికింది. ఆడివిల్లనే. నొస్తుందానే అని ఒక్కరన్న నన్ను అడగలే." మా నాయనకు ముందు ఒక అక్క ఉండేదన్న సంగతి ఆ గదిలో, అంతమంది పరాయి పిల్లల మధ్య, మొదటిసారి విన్నాను. గంట మోగింది. ఎవరూ లేవలేదు. మంజుల ఆమె మోకాలిమీద చెయ్యి వేద్దామని, ఆగి, "పట్టుకోవచ్చా అవ్వా?" అంది. నాయనమ్మ తలూపింది.

సాయంత్రం ఆమెను బస్టాపు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. బస్సు మలుపు తిరిగి కనిపించాక కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ పోరికి ఎన్ని మార్కులేసిండ్రు?" అంది.

"ఇరవైకి ఇరవై."

నశ్యం డబ్బా తీసింది, తట్టింది, ఒక చిటికెడు పట్టింది. నావైపు పక్కచూపు చూసింది.

"మరి నాకు?"